అడవి మళ్ళీ పెరుగుతుంది, నిజమే... ఎప్పటికి?

మెల్‌బోర్న్‌కి ఈశాన్యాన హీల్స్‌విల్ దాటాక, మేరీస్‌విల్ వైపు కొండెక్కే రోడ్డును బ్లాక్ స్పర్ అంటారు. ఇండియా నుంచి ఎవరొచ్చినా నేను తప్పకుండా తీసుకెళ్ళే చోటది. సత్తుపల్లి దగ్గర జామాయిల్ తోట ఉన్న మా బాబాయి వచ్చినప్పుడూ తీసుకెళ్ళాను. ఆయన కారు దిగి, మెడ వెనక్కి వాల్చి, కాసేపు చూసి, "ఒరేయ్, ఇవి మన జామాయిలేనా? ఒక్కోటి ఎన్ని టన్నులు తూగుద్దో! నరక్కుండా ఎందుకు వదిలేశార్రా?" అన్నాడు.

వందేళ్ళకు పైగా నరికారు బాబాయ్, అన్నాను.

"మరింకేం, మళ్ళీ పెరిగినయ్‌గా!"

జామాయిల్ రైతు ఆ మాట అంటే తప్పు పట్టను. ఆయన తోటలో మొక్క నాలుగైదేళ్ళకు కోతకొస్తుంది, నరికిన మొదలు నుంచి పిలకలొస్తాయి, మళ్ళీ నాలుగేళ్ళకు లారీ సారపాక కాగితం మిల్లుకు పోతుంది. కానీ సరిగ్గా ఇదే మాటను విక్టోరియా రాష్ట్రంలో అటవీ సంస్థలూ మంత్రులూ దశాబ్దాలపాటు శాస్త్రంలా వల్లించారు. నా పేచీ వాళ్ళతో.

ముందు ఆ చెట్టు సంగతి. యూకలిప్టస్ రెగ్నన్స్. 1871లో ఫెర్డినాండ్ వాన్ ముల్లర్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఇక్కడ వాడుకలో మౌంటెన్ యాష్. మన దగ్గర పొలాల్లో ఉన్నది దీని దూరపు బంధువు, యూకలిప్టస్ టెరెటికార్నిస్, దాని సంకర రకాలూ. ఎండను తట్టుకుంటుంది, ఎర్రనేలలో బతుకుతుంది, నరికితే చిగురిస్తుంది. రెగ్నన్స్‌కి ఇవేవీ చేతకావు. దానికి ఏడాదికి కనీసం 1,000 మిల్లీమీటర్లు దాటిన వాన కావాలి, లోతైన మట్టి కావాలి, చలీ పొగమంచూ కావాలి. ప్రపంచం మొత్తంలో సహజంగా రెండే చోట్ల పెరుగుతుంది: విక్టోరియా కొండల్లో, టాస్మానియాలో. డాండెనాంగ్ కొండలు, టూలంగీ, కింగ్‌లేక్, యారా నది పుట్టే ఎత్తైన ప్రాంతం, దక్షిణాన స్ట్రెజ్‌లెకి కొండలు, పడమట ఆట్వేస్. సముద్రం దాటితే స్టిక్స్, ఫ్లోరెంటైన్, హ్యూవన్ లోయలు. అంతే.

మొదలు దగ్గర గరుకు బెరడు. దాని పైన నున్నటి తెల్లటి మాను, దాన్నుంచి పొడుగ్గా పేలికల్లా ఊడి వేలాడే బెరడు. కింద మనిషెత్తు దాటిన ట్రీ ఫెర్న్‌లు, సిల్వర్ వాటిల్ అనే తుమ్మ జాతి చెట్లు, తడి వదలని వాగుల పక్కన మిర్టిల్ బీచ్‌లు. డాండెనాంగ్ కొండల్లో షెర్‌బ్రూక్ అడవికి పొద్దున్నే వెళ్తే లైర్‌బర్డ్ అనే పక్షి పది పిట్టల గొంతులు ఒక్కటే పలుకుతూ ఆకుల చెత్తను కాళ్ళతో తిరగేస్తూ ఉంటుంది. జామాయిల్ తోటలో పిట్ట వాలదు, గడ్డి మొలవదు అని విని పెరిగిన నాకు ఈ అడవి మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

ఎత్తు గురించి చెప్పక తప్పదు, అందరూ అడిగేది అదే. టాస్మానియాలో గీవ్‌స్టన్ దగ్గర ఆర్వ్ లోయలో ఉన్న 'సెంచూరియన్' దాదాపు 100 మీటర్లు. 2008లో విమానం నుంచి లేజర్‌తో కొలిచినప్పుడు బయటపడింది, ఆ తర్వాతి కొలతల్లో 100 దాటింది. పూలు పూసే చెట్లలో ప్రపంచంలో ఇదే పొడుగని చాన్నాళ్ళు అనుకున్నారు. ఇటీవల బోర్నియోలోని సబాలో 'మెనారా' అనే మెరాంటి చెట్టు దాన్ని కాస్తలో దాటేసింది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ 115 మీటర్ల పైనే గానీ అది పూలు పూసే కోవలోకి రాదు. పాత రోజుల్లో విక్టోరియాలో ఇంతకంటే పెద్దవి ఉండేవి. 1880ల్లో థార్ప్‌డేల్ దగ్గర పడగొట్టిన చెట్టును కార్న్‌త్వెయిట్ అనే సర్వేయరు కొలిస్తే 114 మీటర్లు పైచిలుకు వచ్చింది. వాట్స్ నది దగ్గర కూలిన చెట్టొకటి 435 అడుగులని 1872లో ఫెర్గూసన్ అనే అధికారి రాశాడు. దాని మీద ఇప్పటికీ వాదనలే. 1888లో మెల్‌బోర్న్ ఎగ్జిబిషన్ సందర్భంగా 400 అడుగుల చెట్టు చూపిస్తే బహుమతి అన్నారు, ఒక్కరూ గెలవలేదు. అప్పటికే పెద్దవన్నీ గొడ్డలికి బలైపోయాయని కొందరు, అసలంత పెద్దవి ఎప్పుడూ లేవని కొందరు.

నాకు ఈ ఎత్తుల పోటీ మీద మోజు లేదు. ఉండకపోవడానికి కారణం ఎల్ గ్రాండే.

టాస్మానియా ఫ్లోరెంటైన్ లోయలో ఎల్ గ్రాండే అనే రెగ్నన్స్ చెట్టుండేది. ఎత్తు 79 మీటర్లే గానీ మాను ఎంత లావంటే, చెట్టు మొత్తం 439 ఘనపు మీటర్లని లెక్కేశారు. ఆస్ట్రేలియాలో అంత పెద్ద చెట్టు అప్పటికి ఇంకోటి తెలియదు. దాన్ని నరకలేదు, కాపాడారు. చుట్టూ ఉన్న అడవినే నరికారు. 2003 ఏప్రిల్‌లో ఆ నరికిన కూపులో (ఒక్కసారిగా నరికే అడవి ముక్కను కూపు అంటారు) మిగిలిన కొమ్మా రెమ్మా తగలబెట్టడానికి నిప్పు పెడితే, ఆ మంట వచ్చి దీని తొర్రలోకి దూరింది. లోపల డొల్లగా ఉన్న మాను పొగగొట్టంలా మంటను పైకి లాగింది. ఆ ఏడాది చివరికి చెట్టు చచ్చిపోయిందని టాస్మానియా అటవీ సంస్థే ఒప్పుకుంది. వాళ్ళ దగ్గర ఓ నియమం ఉంది: 85 మీటర్లు దాటినా, 280 ఘనపు మీటర్లు దాటినా ఆ చెట్టును ముట్టుకోకూడదు. వినడానికి బాగుంది. 84 మీటర్ల చెట్టు గతేంటి? దాటిన చెట్టైనా, చుట్టూ బోడి చేసి వదిలేస్తే గాలికీ నిప్పుకీ ఎంతకాలం నిలుస్తుంది? ఒక్క చెట్టును రికార్డు పుస్తకంలోకి ఎక్కించి, అడవిని రంపం మిల్లుకు పంపడాన్ని సంరక్షణ అనడం నాకు మింగుడు పడదు.

ఇప్పుడు అసలు వాదనకు వస్తాను. ఇక్కడ కలప పక్షంవాళ్ళు చెప్పేది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, అందుకే అది ఇంతకాలం నిలిచింది. రెగ్నన్స్ పుట్టాలంటే నిప్పు కావాలి. మిగతా యూకలిప్టస్‌లు చాలావరకు కాలినా మాను మీదనుంచో, మొదట్లోని గడ్డ నుంచో చిగురిస్తాయి. దీనికా గడ్డ లేదు, బెరడు పలుచన. గట్టి మంటొస్తే చచ్చిపోతుంది. కానీ చస్తూ చస్తూ పైన కొమ్మల్లోని కాయల్లో దాచుకున్న విత్తనాన్ని వారాల వ్యవధిలో బూడిద మీదికి రాల్చేస్తుంది. హెక్టారుకు లక్షల్లో మొలకలు లేస్తాయి, 25 లక్షల దాకా లెక్కపెట్టిన సందర్భం ఉంది. వెలుతురు కోసం ఒకదాన్నొకటి తొక్కుకుంటూ మొదట్లో ఏడాదికి మీటరుకు పైగా ఎదుగుతాయి, బలహీనమైనవి చస్తూ పోతాయి. చివరికి హెక్టారుకు ముప్ఫై నలభై మహావృక్షాలు మిగులుతాయి. అన్నీ ఒకే వయసువి. పెద్ద చెట్ల నీడలో ఈ మొలకలు బతకవు. కనుక, వాళ్ళ వాదన ఏమిటంటే: మేం మొత్తం నరికి, మిగిలింది కాల్చి, హెలికాప్టర్ నుంచి విత్తనం చల్లుతాం, ప్రకృతి చేసేదే మేమూ చేస్తున్నాం.

మొలక వరకే చూస్తే అది నిజం. ఆ మొలకలు బాగానే వస్తాయి, నేను చూశాను.

తేడా మొలకలో లేదు, మోడులో ఉంది. అడవి మంటకు కాలి చచ్చిన రెగ్నన్స్ అక్కడే నిలబడి ఉంటుంది, దశాబ్దాల తరబడి. దాని తొర్రల్లో బతికే జీవాలు చుట్టూ లేచిన కొత్త అడవిలో మేత మేసి, రాత్రికో పగటికో ఆ మోడులోకి చేరతాయి. కూపు నరికినప్పుడు ఆ మోడు మిగలదు. తొర్ర తయారవడానికి ఎంత కాలం పడుతుంది? ఈ చెట్టులో కనీసం 120 ఏళ్ళు, పెద్ద జంతువులు పట్టే తొర్రకు ఇంకా ఎక్కువ. ఆస్ట్రేలియాలో వడ్రంగి పిట్టలు లేవు, చెట్టును తొలిచే పక్షి లేదు. కొమ్మ విరగాలి, బూజు పట్టాలి, చెదలు తినాలి, లోపల మెల్లగా డొల్ల కావాలి. కలప ప్రణాళికల్లో ఈ అడవికి రాసుకున్న కోత వయసు ఎనభై ఏళ్ళ చుట్టుపక్కల. ఎనభై ఏళ్ళకోసారి నరికే అడవిలో 120 ఏళ్ళకు వచ్చే తొర్ర ఎన్నటికి వస్తుంది? ఈ చిన్న తీసివేత చేయడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. ఊళ్ళో ముసలివాళ్ళంతా పోయాక పిల్లల తలలు లెక్కపెట్టి జనాభా తగ్గలేదని చెప్పినట్టుంటుంది 'మళ్ళీ పెరిగింది' అన్న లెక్క.

ఆ తొర్రకు ముఖ్యమైన అద్దెదారు లెడ్‌బీటర్స్ పోసమ్. అరచేతిలో పట్టేంత జంతువు, వాటిల్ చెట్ల జిగురూ పురుగులూ తిని బతుకుతుంది, తొర్రలో గూడు అల్లుకుని కుటుంబంగా ఉంటుంది. 1867లో దాన్ని గుర్తించారు. 1909 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1961 ఏప్రిల్‌లో మేరీస్‌విల్ దగ్గర అడవిలో ఎరిక్ విల్కిన్సన్ అనే మ్యూజియం ఉద్యోగి టార్చి వెలుతురులో మళ్ళీ చూశాడు. పదేళ్ళకు దాన్ని విక్టోరియా రాష్ట్ర జంతువుగా ప్రకటించారు. ఇక ఆ రాష్ట్రమే దాని ఇల్లు నరుకుతూ వచ్చింది. 2015లో కేంద్ర ప్రభుత్వం దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో పెట్టింది.

అది 1961లో ఎందుకు కనబడిందో ఆలోచిస్తే ఈ అడవి పని తీరు అర్థమవుతుంది. 1939 జనవరి 13, ఇక్కడివాళ్ళు బ్లాక్ ఫ్రైడే అనే రోజు. 71 మంది చచ్చిపోయారు, అడవిలోని రంపం మిల్లులు అక్కడికక్కడే బూడిదయ్యాయి. విచారణ జరిపిన న్యాయమూర్తి స్ట్రెటన్ తన నివేదికలో "ఈ మంటలు మనిషి చేత్తో అంటించినవి" అని ఒక్క వాక్యంలో తేల్చాడు. కాలిన అడవి మీద కొత్త అడవి లేచింది. ఇరవై ఏళ్ళకు కింద వాటిల్ చెట్లు నిండా జిగురుతో ఉన్నాయి, పైన పాత అడవి మోళ్ళు తొర్రలతో నిలబడి ఉన్నాయి. తిండీ ఇల్లూ ఒకే చోట. పోసమ్ సంఖ్య పెరిగింది. కాలిన చెట్లను కలపగా వాడుకుందామని 1950ల దాకా ఎన్నో మోళ్ళను లాగేశారు, అయినా కొన్ని మిగిలాయి. ఇప్పుడా మిగిలినవీ ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. 1939లో పుట్టిన చెట్లకు ఇంకా తొంభై కూడా నిండలేదు. బ్లాక్ స్పర్‌లో మా బాబాయి మెడ వాల్చి చూసినవి చాలావరకు ఆ తరానివే. అంత ఎత్తున్నా ఈ లెక్కలో అవి పిల్లలు. పాత మోళ్ళు పడిపోయేదానికీ, వీటికి తొర్రలు వచ్చేదానికీ మధ్య దశాబ్దాల ఖాళీ ఉంది. ఈ అడవిని 1983 నుంచి చదువుతున్న ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ శాస్త్రవేత్త డేవిడ్ లిండెన్‌మేయర్ పదేపదే చెప్పేది ఈ ఖాళీ గురించే. సెంట్రల్ హైలాండ్స్ అనే ఈ కొండల ప్రాంతంలో ముసలి రెగ్నన్స్ అడవి మొత్తంలో ఒక శాతానికి అటూ ఇటూగా మిగిలిందని ఆయన బృందం లెక్క.

నీళ్ళ సంగతి ఇంకా తమాషా. మెల్‌బోర్న్ నగరం తాగే నీళ్ళలో ఎక్కువ భాగం ఈ అడవుల నుంచే వస్తుంది. మరూండా, ఒషానసీ, అప్పర్ యారా, థామ్సన్. వీటిలో చాలా పరీవాహక ప్రాంతాల్లో వందేళ్ళుగా జనాన్ని అడుగు పెట్టనివ్వరు. 1939 తర్వాత, కాలిన కొండల నుంచి వాగుల్లోకి వచ్చే నీళ్ళు ఏళ్ళ తరబడి తగ్గుతూ పోవడం ఇంజనీర్లు గమనించారు. 1980ల్లో జార్జ్ కుచెరా అనే జలశాస్త్ర పరిశోధకుడు దాన్ని గీత గీసి చూపించాడు: అడవికి పాతిక ముప్ఫై ఏళ్ళ వయసొచ్చేసరికి వాగుల్లోకి దిగే నీరు సుమారు సగానికి పడిపోతుంది, మళ్ళీ ముసలి అడవి స్థాయికి చేరడానికి నూటయాభై ఏళ్ళు పడుతుంది. ఎదిగే వయసులో చెట్లు కిక్కిరిసి ఉంటాయి, ఆకు విస్తీర్ణం ఎక్కువ, నీరు తాగుతాయి. ముసలి అడవి తక్కువతో సరిపెట్టుకుంటుంది. ఇది తెలిసీ నగరానికి అతి పెద్దదైన థామ్సన్ జలాశయం పైన కొండల్లో నరుకుడు సాగనిచ్చారు.

'జామాయిల్ నీళ్ళు తాగేస్తుంది, బోర్లు ఎండిపోతాయి' అని ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో వినని రైతుండడు. ఆ జాతి వేరు, నేల వేరు, రెగ్నన్స్ గీతను తెచ్చి అక్కడ అతికించను. కానీ ఒక అనుమానం నన్ను వదలదు: మనం ఆ చెట్టును చూసిందంతా ఎదిగే వయసులోనే కదా. నాలుగేళ్ళకో కోత కోసి దాన్ని ఎప్పటికీ బాల్యం దాటనివ్వని మనం, చెట్టు స్వభావమే ఇంత అని తీర్పు చెప్పేశాం. జామాయిల్ మీద నాకు కోపం లేదు. అది పంట. మిరపలాగే, పత్తిలాగే దాని మంచి చెడ్డలు పంటగా తేల్చుకోవాలి. భద్రాచలం క్లోన్లు వేసిన రైతుకు ఆ చెక్క డబ్బు కావాలి, మిల్లుకు గుజ్జు కావాలి. పంటను పంటలా కొయ్యడంలో తప్పేం లేదు. అడవిని పంటగా లెక్కేయడం తప్పు.

విక్టోరియాలో జరిగింది సరిగ్గా అది. ఈ చెట్లు పోయి ఏమయ్యాయో తెలుసుకున్నప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఇళ్ళలో నేలకు పరిచే మంచి చెక్క కొంత అయింది, ఒప్పుకుంటాను. 'విక్టోరియన్ యాష్' పేరుతో అమ్మే ఆ నేల అందంగానే ఉంటుంది, నేను అద్దెకున్న ఒక ఇంట్లో ఉండేది. కానీ నరికిన దాంట్లో పెద్ద వాటా గుజ్జుకు పోయింది. లాట్రోబ్ లోయలోని మేరీవేల్ మిల్లుకు చెక్క ఇస్తామని 1936లోనే రాష్ట్రం చట్టం చేసింది, 1996లో ఇంకో చట్టంతో 2030 దాకా హామీ ఇచ్చింది. ఆఫీసుల్లో ప్రింటరులో పెట్టుకునే ఏ4 కాగితం. నాలుగేళ్ళ జామాయిల్‌తో అయ్యే పనికి ఎనభై ఏళ్ళ రెగ్నన్స్. ఒషానసీ లోయలోని ముసలి రెగ్నన్స్ అడవిలో హెక్టారుకు సగటున 1,867 టన్నుల కార్బన్ ఉందని 2009లో కొలిచారు, అప్పటికి ప్రపంచంలో కొలిచిన ఏ అడవిలోనూ అంత లేదు. ఇలాంటి అడవి పెరిగే నేలను కాగితం తోటగా లెక్కేశారు.

కూపుల్లో పనిచేసినవాళ్ళను దొంగలుగా చూడటం కూడా నాకు నచ్చదు. నూజీ, పవల్‌టౌన్ లాంటి ఊళ్ళు ఈ కలప మీద పుట్టినవే. తాతల నాటి పని. నగరంలో ఏసీ గదిలో కూర్చుని కాగితం వాడుతూ వాళ్ళను తిట్టడం సులువు. ఇక్కడ నరకడం ఆపితే ఇండోనేషియా, మలేషియా అడవుల చెక్క దిగుమతి చేసుకుంటారన్న వాళ్ళ మాటలోనూ నిజం ఉంది, ఇక్కడి ఇళ్ళ డెక్కుల (చెక్క అరుగుల) మీద పరిచే ఆ దేశాల మెర్బావు చెక్కే అందుకు సాక్ష్యం. దానికి నా జవాబు తోటలు పెంచాలనే. ఆ పని ముప్ఫై ఏళ్ళ ముందే గట్టిగా చేసి ఉంటే ఈ ఊళ్ళు ఒక్కసారిగా వీధిన పడేవి కావు. జరిగింది మాత్రం అదే: పోసమ్ కోసం, చెట్టు నుంచి చెట్టుకు గాల్లో తేలుతూ దూకే గ్రేటర్ గ్లైడర్ అనే జంతువు కోసం అడవి పక్షంవాళ్ళు కోర్టుకెక్కారు, ఒక కేసు గెలిచి అప్పీలులో ఓడారు, 2022 నవంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టులో గ్లైడర్ కేసు గెలిచారు. నరుకుడు చాలా చోట్ల నిలిచిపోయింది. చెక్క రాక మేరీవేల్‌లో తెల్ల కాగితం తయారీ 2023లో ఆగింది. 2024 జనవరి 1 నుంచి విక్టోరియాలో ప్రభుత్వ సహజ అడవుల్లో కలప నరుకుడు ముగిసింది. విధానంగా కాక, కోర్టు దెబ్బలకు కుదేలై ముగిసింది.

టాస్మానియాలో ఇంకా నడుస్తూనే ఉంది. స్టిక్స్, ఫ్లోరెంటైన్ లోయల్లో కొంత భాగాన్ని 2013లో ప్రపంచ వారసత్వ ప్రాంతంలో కలిపారు. మరుసటి ఏడే 74,000 హెక్టార్లు అందులోంచి తీసేయమని ఆస్ట్రేలియా ప్రభుత్వమే యునెస్కోను అడిగింది. దోహా సమావేశంలో నిమిషాల్లో తోసిపుచ్చారు.

నరకడం ఆగితే గండం గడిచినట్టు కాదని కూడా చెప్పాలి. 2009 ఫిబ్రవరి 7, బ్లాక్ సాటర్‌డే. 173 మంది ప్రాణాలు పోయాయి, మేరీస్‌విల్ ఊరు ఊరంతా దాదాపు కాలిపోయింది. కింగ్‌లేక్ దగ్గర వాలబీ క్రీక్‌లో సుమారు 300 ఏళ్ళ రెగ్నన్స్ అడవి ఉండేది, కొన్ని చెట్లు 90 మీటర్లు దాటినవి. అదీ పోయింది. రెగ్నన్స్‌కు నిప్పు కావాలి గానీ శతాబ్దానికోసారి కావాలి. మొక్క విత్తనం పట్టడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆ లోపు రెండో మంట వస్తే రాల్చడానికి గింజ ఉండదు, అక్కడ వాటిల్ పొద మిగులుతుంది. 1926లో కాలి మొలిచిన అడవి 1939లో మళ్ళీ కాలిన చోట్ల ఇది జరిగింది. పొరుగున ఎత్తైన కొండల్లో ఉండే ఆల్పైన్ యాష్ అనే దీని బంధువుకు ఈ శతాబ్దంలోనే పదే పదే జరిగి, హెలికాప్టర్లతో వేల హెక్టార్లలో విత్తనం చల్లాల్సి వచ్చింది. నరికి పెంచిన లేత అడవి ముసలి అడవికంటే ఉధృతంగా కాలుతుందని లిండెన్‌మేయర్ బృందం అంటుంది, కాదని మరికొందరు అటవీ శాస్త్రవేత్తలు అంటారు. వేడి పెరిగే రోజుల్లో లేత అడవి ఎక్కువైతే ఇబ్బందేనని మాత్రం ఇరువైపులా ఒప్పుకుంటారు, ఎందుకంటే గింజ లేనిది లేత చెట్టే.

నేను ఇక్కడ ఓటరును కూడా కనుక నా కోరిక రాసేస్తాను. 1939 అడవిని ఇప్పుడు ఇంకే పేరుతోనూ ముట్టుకోకూడదు. 'పలచబరిస్తే మంటలు తగ్గుతాయి' అంటూ అదే యంత్రాలు మళ్ళీ అదే కొండల మీదికి పోవడం నాకు ఇష్టం లేదు. కూపుల్లో పనిచేసిన డ్రైవర్లకూ, వాళ్ళ బుల్డోజర్లకూ మంటలార్పే కాంట్రాక్టులు ఇవ్వడం మొదలైంది. అది పెంచాలి. ఆ దారులు వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు, పిడుగు పడ్డ చోటికి మొదటి గంటలో చేరేది వాళ్ళే. ఈలోగా పోసమ్‌ల కోసం చెట్లకు పెట్టెలు కడుతున్నారు, బతికున్న మానుల్లో రంపంతో తొర్రలు చెక్కుతున్నారు. డబ్బు దండగని కొందరు నవ్వుతారు, పెట్టెలు కొన్నేళ్ళకే పాడవుతాయి కూడా. అయినా కట్టాలి. 1939లో మొలిచిన చెట్టుకు 120 ఏళ్ళు నిండేది 2059లో. అప్పటిదాకా ఏటా కొత్త పెట్టెలకు బడ్జెట్‌లో డబ్బు పెట్టమని మా నియోజకవర్గం సభ్యురాలికి రాశాను, ఇంకా రాస్తాను.